మేకుకు ఈత రాదు

కోవిడ్ రావడానికి ముందు సంవత్సరం జూలైలో, బడులు తెరిచి పుస్తకాలు పంచడం పూర్తయిన రోజుల్లో, మా బుర్రకథ దళానికి ఒక కొత్త పని వచ్చింది. విశాఖపట్నం ఫిషింగ్ హార్బరుకు దగ్గరలో ఉన్న ఒక మున్సిపల్ హైస్కూలులో తొమ్మిదో తరగతి పిల్లలకు సైన్సు పాఠాన్ని కథగా చెప్పాలి. దళం నడపడంలో నాకప్పటికి ముప్పయ్యేళ్ళ పైచిలుకు అనుభవం. మలేరియా, పోలియో చుక్కలు, మరుగుదొడ్లు, ఓటు హక్కు, ప్రభుత్వం వారు ఏది చెప్పమంటే అది కథ కట్టి ఊరూరా చెప్పాం. బడిలో పాఠం చెప్పమని మాత్రం ఎవరూ అడగలేదు. నేను చదివింది నాలుగో తరగతి. నాలుగు నుంచి తొమ్మిదికి ఒకేసారి ఎక్కానని ఇంట్లో నన్ను ఆటపట్టించారు.

బుర్రకథ చూడనివారి కోసం పద్ధతి చెబుతాను. మధ్యలో కథ చెప్పే మనిషి నిలబడుతుంది. భుజాన తంబురా, వేళ్ళకు అందెలనే మోగే ఉంగరాలు, కాళ్ళకు గజ్జెలు. రెండు పక్కలా డక్కీలు వాయిస్తూ ఇద్దరు వంతలు ఉంటారు. కథకురాలు చరణం పాడితే వాళ్ళు 'తందాన' అని అందుకుంటారు. కుడి పక్క మనిషిని రాజకీయ వంత అంటాం. కథ మధ్యలో ఆపి, లోకంలో జరుగుతున్నదాన్ని లాక్కొచ్చి ప్రశ్న వేయడం అతని పని. ఎడమ పక్క హాస్య వంత. అడ్డదిడ్డంగా మాట్లాడి జనాన్ని నవ్వించడం, కథకురాలి చేత చివాట్లు తినడం ఆ మనిషి పని. మా దళంలో కుడి వంత మా మరిది రాజారావు. ఎడమ వంత అతని భార్య, అంటే నా తోటికోడలు, నూకరత్నం.

మా మామగారు మాకు ఈ విద్య నేర్పేటప్పుడు ఒక కట్టుబాటు పెట్టారు. కథకురాలిని చూసి సభ నవ్వకూడదు. ఒకసారి నవ్వారంటే ఆ తరువాత కథలో రాజు చచ్చిపోయినా నవ్వుతారు, అనేవారు. అందుకని దళంలో హోదాలు గట్టిగా ఉండేవి. వేదిక మీద నూకరత్నం నన్ను ఏమైనా అడగవచ్చు, నా మీద జోకు మాత్రం వేయకూడదు. ఎలమంచిలి సంతలో ఒకసారి నా తంబురాను సొరకాయ అన్నందుకు వారం రోజులు నేను ఆవిడతో మాట్లాడలేదు.

ఈ పనికి మమ్మల్ని పిలిచింది రూతు టీచరు. ఆ బడిలో ఫిజికల్ సైన్సు స్కూల్ అసిస్టెంటు, అంటే హైస్కూలు తరగతులకు ఒక సబ్జెక్టు చెప్పే హోదా. చిన్న వయసు, అదే మొదటి పోస్టింగు. చర్చిలో పాటల బృందం నడిపేది. పాటగా నేర్చుకున్నది పిల్లలు మరిచిపోరని ఆవిడకు గట్టి నమ్మకం. పెద్దాసుపత్రి ఆవరణలో మా మలేరియా కథ చూసి, మరునాడు చిరునామా కనుక్కుని ఇంటికొచ్చింది.

'తేలే వస్తువులు' అనే పాఠం చెప్పమంది. ఇనుప మేకు నీళ్ళలో మునుగుతుంది, వేల మేకుల బరువున్న ఇనుప ఓడ తేలుతుంది, ఎందుకు? పొద్దున లేస్తే ఓడలు కనిపించే ఊళ్ళో పిల్లలు కూడా ఈ పాఠంలో బోల్తా పడుతున్నారని చెప్పింది.

హెడ్మాస్టరు గారు అనుమతి ఇస్తూ ఒక షరతు పెట్టారు. కథ అయిన శనివారం యూనిట్ పరీక్ష ఉంటుంది. పిల్లలు బాగా రాస్తే ఆ ఏడాదిలో మరికొన్ని పాఠాలు కథలుగా చెప్పించవచ్చు. రాయకపోతే పీరియడు వృథా చేసినందుకు రూతు టీచరుకు మెమో, మాకు నమస్కారం.

మా వైపు కూడా ఒక బరువుంది. ప్రచారం పనులన్నీ అప్పటికే తెర బిగించిన వ్యాన్లకు వెళ్ళిపోయాయి. రాజారావును పరవాడలో ఒక కాంట్రాక్టరు సెక్యూరిటీ పనికి రమ్మంటున్నాడు. బడి పని నిలబడితే ఆగుతాను, లేకపోతే వెళ్ళిపోతాను వదినా అని ముందే చెప్పాడు. కుడి వంత లేని దళాన్ని దళం అనరు. కాబట్టి ఆ పరీక్ష పిల్లలు రాసినా, ఫలితం మా ముగ్గురిది కూడా.

పాఠాన్ని రూతు టీచరు మాకు మా ఇంటి అరుగు మీద కూర్చుని చెప్పింది. నేను చెవితో విని పట్టుకునే మనిషిని. 'వస్తువు చేత స్థానభ్రంశం చెందిన నీటి బరువు' అనే మాటను నాలుగు రకాల తాళాల్లో పాడి, నప్పిన దానిలో కూర్చాను. వేదిక వెనక తెరకు ఫ్లెక్సీ కొట్టిద్దామని టీచరంటే నేను ఒప్పుకోలేదు. ఒక్క పూట వాడే దానికి ప్లాస్టిక్కు ఎందుకు? మా ఇంట్లో నడిమధ్య పలచబడిన దుప్పటి ఒకటి ఇచ్చాను. దాని మీద పిల్లలే డ్రాయింగు పీరియడులో నిలువునా కోసినట్టున్న ఓడ బొమ్మ వేశారు. లోపల గదులు, ఇంజను, బోలెడంత ఖాళీ. వంటగదిలో వంటవాణ్ణి కూడా వేశారు, పక్కనే పిల్లిని.

చూపించడానికి రెండు రేకు డబ్బాలు కావాలన్నారు. రెండూ ఒకే రకం, ఒకే బరువు. అందులో ఒకదాన్ని సుత్తితో కొట్టి ముద్ద చేయాలి. పప్పులు పోసుకునే జత డబ్బాలు నా దగ్గరున్నాయి. ఇచ్చాను. రాజారావు కొడుతున్నప్పుడు నేను ఇంట్లోకి వెళ్ళి కూర్చున్నాను.

మొదటి కథ బాగా జరిగింది, అంటే బాగా జరిగిందని మేం అనుకున్నాం. నేను పద్యం ఎత్తుకుని, చిన్న మేకు మునిగింది, కొండంత ఓడ తేలింది, కారణమేమి అని అడిగాను. నూకరత్నం డక్కీ ఆపింది.

"ఏటక్కా దానికంత ఆలోసన? మేకుకి ఈత రాదు. ఓడకి వొచ్చు."

"ఓడకు ఈత ఎవరు నేర్పారే?"

"ఓడ పెద్దింటి పిల్ల కదా, కోచింగు ఎట్టించారు. మేకు బీదింటి పిల్ల. ఫీజు కట్టనేదు."

పిల్లలు బల్లలు చరిచి నవ్వారు. నేను ఆవిడను పద్ధతి ప్రకారం కసిరి, డబ్బాలు నీళ్ళ తొట్టిలో వేయించి, స్థానభ్రంశం గురించి శ్రావ్యంగా పాడాను. చివరన చప్పట్లు కూడా కొట్టారు.

తరువాతి సోమవారం సాయంత్రం రూతు టీచరు పరీక్ష కాగితాలు సంచిలో పెట్టుకుని మా ఇంటికొచ్చింది. ఒక్కొక్కటీ తీసి చదివింది. 'మేకు ఎందుకు మునుగును?' అన్న ప్రశ్నకు తరగతిలో ఎక్కువమంది రాసిన సమాధానం, 'మేకుకు ఈత రాదు కనుక.' కొందరు ఇంకొంచెం వివరంగా, 'మేకు ఫీజు కట్టలేదు' అని రాశారు. ఒక అమ్మాయి పటం గీసింది. మేకు చేతులు పైకెత్తి కేకలు పెడుతోంది. బాణం గుర్తులతో భాగాలు కూడా రాసింది: తల, మొన, కన్నీళ్ళు.

నూకరత్నం ముందు నవ్వింది, తరువాత నా మొహం చూసి ఆపేసింది.

హెడ్మాస్టరు గారు ఏమన్నారని అడిగాను. టీచరు ఆయన మాటలే చెప్పింది. "ఇంతకు ముందు వీళ్ళకు ఏమీ తెలియదు రూతు గారూ. ఇప్పుడు తప్పు గట్టిగా తెలుసు." ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. అయితే పరీక్షలో తొమ్మిదో తరగతి మొత్తం తప్పినట్టు పై అధికారులకు పంపడం ఆయనకూ ఇష్టం లేదు. వచ్చే శనివారం అదే పాఠానికి మళ్ళీ పరీక్ష పెడతానన్నారు. ఈ లోపల ఒక్కసారి కథ చెప్పుకోవచ్చు. అదే ఆఖరు.

నాకు తోచిన విరుగుడు ఒక్కటే. హాస్యం తీసేయడం. నూకరత్నాన్ని 'తందాన' తప్ప ఇంకో మాట అనవద్దన్నాను. అసలు కథకు ముందు ఒకసారి చూసుకుందామని బుధవారం ఎనిమిదో తరగతి పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టించాం. నేను ఒక్క తప్పు లేకుండా పాడాను. నీటి బరువు, స్థానభ్రంశం, ఊర్ధ్వముఖ బలం, పుస్తకంలో ఉన్న మాట ఒక్కటి వదలలేదు. కాసేపటికి ఇద్దరు మంచినీళ్ళకు లేచారు. వెనక వరసలో ఒకడు గోడకు ఆనుకుని నిద్రపోయాడు. పూర్తయ్యాక సందేహాలు అడగమంటే ముందు వరసలోని ఒక చిన్నపిల్ల చెయ్యెత్తింది.

"మామ్మా, ఆ ఎడం పక్క ఆంటీకి ఒంట్లో బాగోలేదా?"

తిరిగి వస్తూ సిటీ బస్సులో ముగ్గురం ఒకే సీటులో ఇరుక్కుని కూర్చున్నాం. తంబురా నా ఒళ్ళో ఉంది. ముందుగా రాజారావు అన్నాడు.

"వదినా, పరవాడ కాంట్రాక్టరు ఫోను సేత్తన్నాడు. ఏటి సెప్పమంటావు?"

"శనివారం దాకా ఎత్తకు" అన్నాను.

నూకరత్నం కిటికీలోంచి చూస్తూ మాట్లాడింది. "అక్కా, కోపం తెచ్చుకోకు. ఇయ్యాల నువ్వు సెప్పిందంతా ఆల పుస్తకంలోనే ఉంది. పుస్తకానికి గజ్జెలు కట్టినట్టుంది."

"నువ్వు నవ్వించి మాత్రం ఏం లాభం? అంతా తప్పే నేర్చుకున్నారు."

"మరదే సెప్తన్నాను. ఆలు నా మాటే పట్టుకున్నారు. ఐతే నాను నిజం సెప్తాను. ఆ ఈత మాట నువ్వు సెప్పు."

నాకు అర్థం కావడానికి రెండు స్టాపులు పట్టింది. అర్థమయ్యాక ఒళ్ళు మండింది. "ఈ వయసులో నన్ను నవ్వులపాలు చేస్తావా?"

"నన్ను ముప్పై ఏళ్ళ నుంచి సేత్తన్నావు కదా. నానేటైనా సచ్చిపోనానా?"

రాజారావు కండక్టరు వైపు తిరిగి, అవసరం లేకపోయినా చిల్లర గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రం బియ్యం ఏరుతూ ఆలోచించాను. మామగారి కట్టుబాటు రాజుల కథలకు పెట్టినది. అక్కడ మధ్యలో ఉన్న మనిషి మీద నవ్వితే కథ చెడుతుంది. ఇక్కడ చెడుతున్నది పాఠం. నా మర్యాద కాపాడుకున్నందుకు బుధవారం ఒక తరగతి నిద్రపోయింది. పైగా ఒక మంచి డబ్బా ముద్దయి పడి ఉంది. దాన్ని కూడా వృథా చేసుకోవడం నాకు నచ్చలేదు. మర్నాడు పొద్దున నూకరత్నాన్ని పిలిచి సరే అన్నాను, కానీ వికారపు వేషాలు వేయను, కింద పడను, గొంతు మార్చను, ఎప్పటిలాగే నిలబడి ఎప్పటిలాగే పాడతాను అని చెప్పాను.

"అదే కావాలక్కా" అంది. "నువ్వు పోలీసమ్మలాగ నిలబడి తప్పు సెప్పు. సాలు."

రూతు టీచరు మాత్రం జంకింది. పిల్లలు నవ్వితే మీకు పరవాలేదా దుర్గమ్మ గారూ అని రెండుసార్లు అడిగింది. పరవాలేదని నేను అనలేదు. నీళ్ళ తొట్టి నింపించమన్నాను.

శుక్రవారం ఆఖరి పీరియడు కథ పెట్టారు. హెడ్మాస్టరు గారు వెనకాల కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. నేను గజ్జె కట్టి, తంబురా మీటి, మహారాజు యుద్ధానికి బయలుదేరేటప్పుడు వాడే రాగంలో ఎత్తుకున్నాను. ఓ పిల్లలారా, వినండి, మేకుకు ఈత రాదు. ఓడకు వచ్చును. అదియే కారణము.

పిల్లలు ఒక్క క్షణం నోళ్ళు తెరుచుకుని చూశారు. నేను తప్పు చెబుతున్నానో, నిజంగా అలాగే నమ్ముతున్నానో వాళ్ళకు తెలియలేదు. అప్పుడు నూకరత్నం రెండు డబ్బాలు ఎత్తి చూపించింది.

"అక్కా, ఈ రెండూ అప్పసెల్లెళ్ళు. ఒకే రేకు, ఒకే బరువు. తూకం ఏసి టీచరమ్మే సూపించింది. ఒకత్తి తేలతంది, ఒకత్తి ములిగిపోతంది. ఇంట్లో ఒకత్తికే ఈత నేర్పినారా?"

"ముద్దగా ఉన్నదానికి బద్ధకం" అన్నాను, కళ్ళు ఎర్రజేసి.

తరగతి భళ్ళున నవ్వింది. ముప్పయ్యేళ్ళలో మొదటిసారి ఆ నవ్వు నా వైపు వచ్చింది. చరణం తప్పబోయి అందెలు గట్టిగా మోగించి నిలదొక్కుకున్నాను.

నూకరత్నం తొట్టిలోకి వంగి చూపించింది. "బద్ధకం కాదక్కా. ఏ వస్తువైనా నీట్లో ఎడితే కొంత నీరుని పక్కకి నెట్టేత్తాది. ఎంత నీరు నెట్టితే అంత బరువుకి సరిపడా నీరు దాన్ని పైకి తోత్తాది. ముద్ద సిన్నది. కూసింత నీరే నెట్టినాది, సాల్లేదు, ములిగిపోనాది. డబ్బా కడుపు పెద్దది. బోలెడు నీరు నెట్టినాది, తేలినాది. ఓడ కడుపూ అంతే, ఆ దుప్పట్లో సూడు."

"నేను ఒప్పుకోను" అని పాడాను.

ఇక్కడ రాజారావు తన వంతు అందుకున్నాడు. నడిసముద్రంలో ఓడకు చిల్లు పడితే మునుగుతుంది కదా, దానికేమంటావు వదినా అని అడిగాడు. ఓడ ఈత మరిచిపోయినట్టు అన్నాను. అంతే, పిల్లలు ఆగలేకపోయారు. "కాదు మామ్మా!" అని నలుమూలల నుంచి అరుపులు. హార్బరు వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి, తండ్రి వేటకు వెళ్ళే ఇంటి పిల్ల, లేచి నిలబడింది.

"లోపలికి నీరు వొచ్చీసింది మామ్మా. బరువు పెరిగిపోయింది. నెట్టిన నీరు సాల్లేదు. ములిగిపోయింది."

"అయితే ఈత?"

"ఈత నేదు మామ్మా" అంది, ఎంతో ఓపికగా, చంటిపిల్లకు చెప్పినట్టు. "ఈత గురించి మరిసిపో."

నేను ఇంకా మొండికేశాను. నేను మొండికేసిన కొద్దీ వాళ్ళు లేచి, చేతులతో నీళ్ళను నెట్టి చూపిస్తూ, ఒకరి మీద ఒకరు పడి నాకు అర్థమయ్యేలా చెప్పడానికి తంటాలు పడ్డారు. ఆఖరికి నేను తంబురా దించి, సరే, ఒప్పుకున్నాను అన్నాక గాని కూర్చోలేదు. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు. గేటు దగ్గర ఆటో ఎక్కుతుంటే ఇద్దరు వెనకాల పరుగెత్తుకొచ్చి, మామ్మా, నిజంగా అర్థమయిందా అని అడిగి వెళ్ళారు.

శనివారం పరీక్ష అయింది. ఆ సాయంత్రమే మమ్మల్ని హెడ్మాస్టరు గారి గదికి పిలిపించారు. రూతు టీచరు దిద్దిన కాగితాల కట్ట ఆయన బల్ల మీద ఉంది. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని పై కాగితం తీసి చదివారు. 'మేకు తక్కువ నీటిని పక్కకు తోయును. ఆ నీటి బరువు మేకు బరువు కన్నా తక్కువ. కనుక మేకు మునుగును. ఓడ లోపల ఖాళీ ఎక్కువ. కనుక అది తన బరువుకు సమానమైన నీటిని తోసి తేలును.' అక్కడ ఆగి, నా వైపు ఒకసారి చూసి, మిగిలిన వాక్యం కూడా చదివారు. 'ఈ విషయం దుర్గమ్మ గారికి తెలియదు.'

నూకరత్నం కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ చివరి వాక్యానికి మార్కులు తగ్గించారా అని నేను టీచరును అడిగాను. లేదండీ, పాఠానికి సంబంధించినదే కదా అంది. హెడ్మాస్టరు గారు నవ్వకుండా, తరువాత ఏ పాఠం చెబుతారో వారం ముందు రాసి ఇవ్వండి, తొట్టి నీళ్ళు వరండాలో ఒలకకుండా చూడండి, అన్నారు. మెట్లు దిగగానే రాజారావు తనే పరవాడకు ఫోను చేసి, నేను రావట్లేదు, ఇంకెవరినైనా చూసుకో బావా అని చెప్పేశాడు.

నా మోకాళ్ళు గజ్జెను మోయగలిగినంత కాలం మా దళం ఆ బడిలోనూ మరికొన్ని బడుల్లోనూ ధ్వని, కాంతి, తుప్పు, వేడి, ఇలాంటి పాఠాలు చెప్పింది. అన్ని కథల్లోనూ తప్పు మాట నాది, ఒప్పు మాట నూకరత్నానిది. దానివల్ల బజారులో నాకు మర్యాద తగ్గింది. చేపల దగ్గర బేరమాడుతుంటే మా మామ్మకి లెక్కలు రావు అని పిల్లలు అమ్మేవాళ్ళకు చెప్పేవారు. బేరం మాత్రం నేను ఎప్పుడూ పోగొట్టుకోలేదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు అడిగితే నేను చెప్పేది ఇంతే. పిల్లలకు గుర్తుండేది వాళ్ళు నవ్విన చోటు. కాబట్టి నవ్వించే మనిషి నోటనే నిజం పెట్టాలి. తప్పును సభలో అందరికన్నా గంభీరంగా నిలబడ్డ మనిషి నోట పెట్టాలి. అలాంటి మనిషిని దిద్దే అవకాశం పిల్లలకు రోజూ దొరకదు, దొరికితే వదలరు, దిద్దినదాన్ని మరిచిపోరు. ఇందుకు దళంలో పెద్ద మనిషి ఒప్పుకోవాలి. ఒప్పుకోలేనివాళ్ళు రాజుల కథలు చెప్పుకోవడం మంచిది. బడి పని తీసుకోకూడదు.